మన కంట్రీ సింగర్ గోరటి వెంకన్న: పాలమూరు పాటకీ సైబర్ టవర్స్‌కీ ఉన్న లింకు

ఈరోజు ఎపిసోడ్ లింగంపల్లిలో మా రూమ్ టెర్రస్ మీద రికార్డ్ చేస్తున్నా. మధ్యలో ట్రైన్ హారన్ వినిపిస్తే అడ్జస్ట్ అవ్వండి, స్టేషన్ పక్కనే.

టాపిక్‌లోకి వెళ్లే ముందు ఒక చిన్న కథ. నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు ఒకసారి టీమ్ ఔటింగ్‌కి అనంతగిరి వెళ్లాం. సాయంత్రం తిరిగి వస్తుంటే బస్సులో ఒకతను గిటార్ తీశాడు. ఏం పాడి ఉంటాడో గెస్ చేయండి. కరెక్ట్, 'టేక్ మీ హోమ్, కంట్రీ రోడ్స్'. ఇండియాలో ఏ ఆఫీస్ ఔటింగ్ అయినా ఆ పాట లేకుండా అవ్వదు. ఇరవై మందిమి గొంతు చించుకుని పాడాం. అందులో ఒక్కరు కూడా వెస్ట్ వర్జీనియా చూడలేదు.

మేమే కాదు, రాసినవాళ్లు కూడా చూడలేదు! 1971లో జాన్ డెన్వర్ పాడిన ఆ పాట ఐడియా బిల్ డానాఫ్, టాఫీ నైవర్ట్ అనే ఇద్దరిది. వాళ్లు కారులో పోతున్నది మేరీల్యాండ్‌లో. అప్పటికి వెస్ట్ వర్జీనియాలో అడుగు కూడా పెట్టలేదు. పేరు ట్యూన్‌లో బాగా కూర్చుంది, పెట్టేశారు. 2014లో వెస్ట్ వర్జీనియా ఆ పాటని అఫీషియల్ స్టేట్ సాంగ్స్‌లో ఒకటిగా చేసుకుంది కూడా.

సరే, మా పాట అయిపోయింది. చప్పట్లు. అప్పుడు బస్సు డ్రైవర్ అన్న అద్దంలోంచి చూసి, "సార్, గది మంచిగనే ఉంది గని, మన తెలుగుల ఒక్కటన్న పాడుండ్రి" అన్నాడు. మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. సినిమా పాటలు వచ్చు. కానీ 'కంట్రీ రోడ్స్' తర్వాత పాడాల్సిన పాట ఏంటో ఎవరికీ తోచలేదు. కాసేపు ఆగి ఆయనే మొదలుపెట్టాడు. స్టీరింగ్ మీద వేళ్లతో దరువేస్తూ, 'పల్లె కన్నీరు పెడుతుందో'. మొత్తం పాట. ఒక్క చరణం కూడా వదల్లేదు. బస్సు మొత్తం సైలెంట్.

ఆ డ్రైవర్ అన్నది కల్వకుర్తి దగ్గర ఊరు. పాట అయ్యాక ఆయనకీ నాకూ జరిగిన సంభాషణ చివర్లో చెప్తా. ఈరోజు ఎపిసోడ్ ఆ పాట రాసిన మనిషి గురించి. గోరటి వెంకన్న గారి గురించి.

ముందు ఒక డౌట్ క్లియర్ చేసుకుందాం. కంట్రీ మ్యూజిక్ అంటే ఊళ్లో ఉన్నవాళ్లు ఊళ్లో పాడుకునే పాట అనుకుంటాం కదా. అది హాఫ్ కరెక్ట్. 1927లో రాల్ఫ్ పీర్ అనే రికార్డింగ్ ఆయన టెనెసీ, వర్జీనియా బార్డర్ మీదున్న బ్రిస్టల్ అనే ఊళ్లో మెషీన్లు పెట్టుకుని కూర్చున్నాడు. చుట్టుపక్కల కొండ ఊళ్లనుంచి పాటగాళ్లు వచ్చారు. రైల్వేలో బ్రేక్‌మ్యాన్‌గా పనిచేసి మానేసిన జిమ్మీ రోడ్జర్స్ వచ్చాడు, కార్టర్ ఫ్యామిలీ వచ్చింది. ఆ రికార్డులు, ఆ తర్వాత రేడియో, ఊరు వదిలి మిల్లులకీ గనులకీ ఫ్యాక్టరీలకీ పోయినవాళ్లకి ఊరిని మళ్లీ వినిపించాయి. మొదట్లో ఆ పాటల్ని 'హిల్‌బిల్లీ' అనేవాళ్లు. మన భాషలో చెప్పాలంటే 'ఊరోడి పాట' అని ఎక్కిరింపు. 1949లో బిల్‌బోర్డ్ పత్రిక తన చార్ట్‌కి 'కంట్రీ అండ్ వెస్టర్న్' అని మర్యాదైన పేరు పెట్టింది.

అంటే ఊరు ఖాళీ అవుతున్నప్పుడే కంట్రీ పాట పెద్దదవుతుంది. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. గోరటి వెంకన్న గారిది గౌరారం. తెలకపల్లి మండలం, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా, 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లా. పుట్టింది 1960ల మొదట్లో, ఒక దళిత కుటుంబంలో. నాన్న నర్సింహ, అమ్మ ఈరమ్మ. నాన్నకి యక్షగానం వచ్చు. అమ్మ పెళ్లి పాటలు, మంగళహారతులు పాడేది. ఆయన ఫస్ట్ మ్యూజిక్ కాలేజ్ ఇల్లే.

యక్షగానం అంటే నా ఏజ్ వాళ్లకి కర్ణాటక గుర్తొస్తుంది, పెద్ద కిరీటాలు అవీ. మన తెలంగాణకి మన యక్షగానం ఉంది. కథ పాటలో నడుస్తుంది, మధ్యలో మాట, మధ్యలో అడుగు. రాత్రి మొదలైతే తెల్లారేదాకా. మైక్ లేదు. కాబట్టి గొంతు చివరి వరసలో కూర్చున్న ముసలామె దాకా పోవాలి. కాళ్లకి గజ్జెలు కూడా అందుకే, అవి అలంకారం కాదు, తాళం. వెనక వంతపాడేవాళ్లు ఒక మాట అందుకుంటే, ముందున్నాయన ఊపిరి తీసుకుంటాడు. వెంకన్న గారు పాడేటప్పుడు వీడియో చూడండి, ఆయన నిలబడి పాడరు. ఆడుతూ పాడతారు. అడుగు ముందుకి, ఒక తిరుగుడు, చెయ్యి గాల్లో ఏదో చెట్టుని చూపిస్తున్నట్టు. స్టేజ్ షోకి నేర్చుకున్న స్టెప్పులు కావవి, ఊళ్లో చూస్తూ పెరిగినవి.

తెలుగులో ఎం.ఏ. చేశారు. సహకార శాఖలో గవర్నమెంట్ ఉద్యోగం చేశారు. పాట పక్కనే ఉద్యోగం, ఉద్యోగం పక్కనే పాట. నాకు ఇది ఎందుకో చాలా ఇష్టం. సింగర్ అవ్వాలంటే రిజైన్ చేసి కొండెక్కాలి అనుకునే నాలాంటోళ్లకి కొంచెం సిగ్గుగా కూడా ఉంటుంది.

ఆయన ఖాళీ మైదానంలోకి రాలేదు. తెలంగాణలో పాట అప్పటికే చాలా పని చేసింది. నిజాం టైంలో సాయుధ పోరాటానికి సుద్దాల హనుమంతు పాటలు కట్టారు. ఆ పోరాటంలోనే బండి యాదగిరి కట్టిన 'బండెనక బండి కట్టి', 1980లో రిలీజైన 'మా భూమి' సినిమాలో గద్దర్ గొంతుతో ఊరూరికీ మళ్లీ చేరింది. ఇప్పటికీ సగం మందికి అది గద్దర్ రాసిన పాటే. గద్దర్ అసలు పేరు గుమ్మడి విఠల్ రావు, తూప్రాన్ ఆయన. ఇంజినీరింగ్ మధ్యలో వదిలేశారు, బ్యాంకు ఉద్యోగం కూడా వదిలేశారు. 1972లో మొదలైన జననాట్యమండలితో గొంగడి, గజ్జెలు, డప్పు అన్నీ ఒక కొత్త ఫామ్‌లోకి వచ్చాయి. ఉత్తరాంధ్ర నుంచి వంగపండు ప్రసాదరావు, ఇటు గూడ అంజయ్య. ఆ తరం పాటలో ఒక గుణం ఉంది. అది నీ భుజం మీద చెయ్యేసి, లే, నడువు అంటుంది. పాట అయ్యేసరికి నువ్వు లేచి నిలబడి ఉండాలి.

వెంకన్న ఆ గాలిలోనే పెరిగారు. పోరాట పాటలు కూడా రాశారు. కానీ ఆయన పాటలో ఇంకో గొంతు కలిసింది. తత్వాలు తెలుసు కదా, ఏకతారి మీటుకుంటూ బైరాగులు పాడేవి, దేహం, మాయ, పోయేవాడు, ఉండేది. ఆ తత్వాల నడక ఆయన పాటలో ఉంటుంది. దాంతో ఏమైందంటే, పాట లే అని గద్దించడం కాకుండా, పక్కన కూర్చుని, చూడు ఏమైపోయిందో అంటుంది. ఈ తేడా చాలా పెద్దది. 'పల్లె కన్నీరు' అక్కడినుంచే వచ్చింది అని నా ఫీలింగ్.

ఇప్పుడు ఆ పాట లోపలికి పోదాం. లైన్లు చదవను, మీరే వినండి. ఎలా కట్టారో మాత్రం చెప్తా. కోడ్ రివ్యూ లాగా అనుకోండి. (నవ్వు)

మొదట ఆ టైటిల్ చివరి అక్షరం. 'పెడుతుంది' కాదు, 'పెడుతుందో'. ఆ చివరి 'ఓ' ఏం చేస్తుందో గమనించండి. తెలుగులో 'వస్తుందో రాదో' అంటే డౌట్. అదే 'ఓ'ని సాగదీస్తే, ఊళ్లో ఎవరైనా పోయినప్పుడు ఆడవాళ్లు మాటలు కట్టి ఏడుస్తారు చూడండి, ఆ శోకం. ఒక్క అచ్చులో ప్రశ్నా ఉంది, ఏడుపూ ఉంది. పల్లవి తిరిగి వచ్చిన ప్రతిసారీ ఆ 'ఓ' దగ్గర పాట ఆగి కిందికి జారుతుంది.

తర్వాత చరణాలు. అక్కడ ఏడుపు లేదు, లిస్టు ఉంది. కుమ్మరి, కమ్మరి, వడ్ల, సాలె, ఇట్లా ఒక్కొక్కరి ఇంటి ముందు కెమెరా ఆగుతుంది. కుండలు కాల్చే చోట ముళ్లచెట్లు లేచాయి. కొలిమి చల్లారి మన్ను పేరుకుంది. చెక్క చెక్కే పనిముట్టు పదును పోయింది. మగ్గం విరిగి పడి ఉంది. మనుషులు ఏడుస్తున్నట్టు చూపించరు, వస్తువుల్ని చూపిస్తారు. హీరో లేడు, విలన్ మొహం లేదు. ఈ పని చేసింది ఎవరో కంటికి కనబడరు, అంతే అంటుంది పాట. 1991 తర్వాత మార్కెట్లు తెరుచుకున్నాయి, 1995లో డబ్ల్యూటీఓ వచ్చింది. ప్లాస్టిక్ బిందె కుండని మింగింది, మిల్లు బట్ట మగ్గాన్ని మింగింది, ట్రాక్టర్ నాగలిని మింగింది. ఈ పదాల్లో చాలావరకు మనకి ఎకనామిక్స్ క్లాసులో ఎవరో చెప్తే బోర్ కొట్టి పడుకున్నాం. ఆయన వాటిని కొలిమిలో పేరుకున్న మన్నుగా చూపించారు.

సౌండ్ చూడండి. కుమ్మరి పక్కన తుమ్మ, కమ్మరి పక్కన దుమ్ము. రెండో అక్షరం కలుస్తుంది. ఇది పద్యాల్లో ఉండే ప్రాస. స్కూల్లో మనం ఛందస్సు అని భయపడ్డది, అక్షరం రానివాళ్ల నోట్లో కూడా ఇట్లా ఆడుతుంది. ఎందుకంటే ప్రాస ఉంటే గుర్తుంటుంది. పేపర్ లేని చోట అదే హార్డ్ డిస్క్. ఆ డ్రైవర్ అన్న ఒక్క చరణం కూడా మర్చిపోకుండా పాడాడంటే కారణం అది.

భాష సంగతి. ఆయన పాలమూరు మాటని పాలిష్ చేయరు. పనిముట్ల పేర్లు, చెట్ల పేర్లు, పిట్టల పేర్లు, వాటికి అర్థం కింద రాయరు. నాకు కొన్ని తెలియవు, అమ్మకి ఫోన్ చేసి అడిగా. ఊర్దూ కూడా సహజంగా కలుస్తుంది. 'గల్లీ సిన్నది' అని ఇంకో పాట ఉంది ఆయనది, హైదరాబాద్ లాంటి సిటీలో పేదోళ్లుండే గల్లీ మీద. అందులో గల్లీ, గరీబు లాంటి మాటలు అరువు తెచ్చుకున్నట్టు ఉండవు. అక్కడ మాట్లాడేదే అది. పల్లె పాటగాడు సిటీ మీద రాస్తే ఎట్లుంటుందో తెలియాలంటే అది వినండి. మన కొండాపూర్, మాదాపూర్ అపార్ట్‌మెంట్ల వెనక సందులు గుర్తొస్తాయి.

'పల్లె కన్నీరు' ఎక్కువమందికి చేరింది 2002లో వచ్చిన 'కుబుసం' సినిమాతో. శ్రీహరి హీరో. మ్యూజిక్ వందేమాతరం శ్రీనివాస్, పాడింది కూడా ఆయనే. బ్రహ్మాండమైన గొంతు, అందులో డౌట్ లేదు. ఆ సినిమా కథ అడిగితే చాలామంది చెప్పలేరు, పాట మాత్రం వచ్చు. కానీ నా సజెషన్, సినిమా వెర్షన్ ఒకసారి వినండి, వెంటనే వెంకన్న గారు ఒక సభలో పాడిన వీడియో వినండి. సినిమాలో పాట వెనక ఆర్కెస్ట్రా దుఃఖాన్ని మోస్తుంది. ఆయన పాడినప్పుడు దుఃఖం మాటలోనే ఉంటుంది, కాళ్లు మాత్రం ఆడుతూ ఉంటాయి. ఏడుపు పాటకి డాన్స్ ఏంటి అని మొదట నాకు వింతగా అనిపించింది. తర్వాత మా ఊళ్లో చావుకి డప్పు కొట్టడం గుర్తొచ్చింది. అప్పుడు వింత పోయింది.

ఇక నేను అసలు ఈ ఎపిసోడ్ ఎందుకు చేస్తున్నానో ఆ పాయింట్‌కి వస్తా. డేట్లు పక్కపక్కన పెట్టండి.

1998 నవంబర్ 22. మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ని అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. హైటెక్ సిటీ అక్కడ మొదలైంది. 1999లో విజన్ 2020 డాక్యుమెంట్. 2002లో 'కుబుసం', అందులో ఈ పాట. 2003 ఆగస్టులో ఎంఎంటీఎస్ ట్రైన్లు మొదలయ్యాయి, లింగంపల్లి ఒక చివరి స్టేషన్. మనకి ఈ టైమ్‌లైన్ అంతా సక్సెస్ స్టోరీ లాగా చెప్తారు. అది అబద్ధం కూడా కాదు, నా బీటెక్, నా జీతం, ఈ కెమెరా, అన్నీ దాంట్లోంచే వచ్చాయి. కానీ అవే సంవత్సరాల్లో ఈ బిల్డింగులకి ఇంకో టైమ్‌లైన్ ఉంది. 1997, 98లో వరంగల్ వైపు పత్తి రైతుల ఆత్మహత్యలు. తర్వాత సిరిసిల్లలో నేతన్నలవి. పాలమూరులో వరుస కరువులు.

పాలమూరు లేబర్ అనే మాట వినే ఉంటారు. దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా, కాలువ తవ్వినా పాలమూరోళ్లు ఉంటారు అనేవాళ్లు పెద్దలు. గుంపు మేస్త్రీ ఊరికొచ్చి అడ్వాన్స్ ఇస్తాడు, కుటుంబాలకి కుటుంబాలు లారీ ఎక్కుతాయి, నెలల తరబడి రారు. ఊళ్లో ముసలోళ్లు, చిన్నపిల్లలు మిగులుతారు. హైదరాబాద్ పడమటి వైపు బిల్డింగులు లేస్తుంటే ఆ లారీలు ఇటు తిరిగాయి. మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్, చందానగర్, లింగంపల్లి. ఈ గ్లాస్ టవర్లకి మట్టి మోసినవాళ్లలో పాలమూరోళ్లు చాలామంది.

ఇప్పుడు కనెక్ట్ చేయండి. ఏ జిల్లా ఊళ్లు ఖాళీ అయి హైటెక్ సిటీ కట్టారో, అదే జిల్లా మనిషి ఆ ఖాళీ అయిన ఊరి మీద పాట కట్టారు. ఇటు బిల్డింగ్ లేచింది, అటు ఇల్లు పడింది, మధ్యలో ఉన్న దారి ఆ పాట. అందుకే నేను దాన్ని మన ఐటీ కారిడార్ కంట్రీ సాంగ్ అంటున్నా. వెస్ట్ వర్జీనియా చూడకుండా రాసిన పాట కాదిది.

నా కథ కూడా కొంచెం చెప్పాలి, లేకపోతే ఈ మాటలన్నీ గాల్లో మాటలవుతాయి. మాది నారాయణఖేడ్ దగ్గర ఊరు. మా తాత వడ్ల పని చేసేవాడు. నాగళ్లు, గుంటుకలు, ఎడ్లబండి చక్రాలు. డబ్బులు కాదు, పంట వచ్చాక కల్లంలో గింజలు కొలిచి ఇచ్చేవాళ్లు. నాకు ఊహ తెలిసేసరికి ఊళ్లో ట్రాక్టర్లు తిరుగుతున్నాయి. తాత మంచాల కాళ్లు, తలుపులు బాగుచేసేవాడు. తర్వాత అదీ లేదు, రెడీమేడ్ తలుపులు వచ్చాయి. ఆయన బాడిశ ఇప్పటికీ మా ఇంట్లో అటక మీద ఉంది. బాడిశ అంటే కట్టె చెక్కే పనిముట్టు, పిడికి అడ్డంగా ఇనుప పలక ఉంటుంది. పండగకి ఇల్లు దులిపినప్పుడు కిందకి దించుతారు, తుడిచి మళ్లీ పైన పెడతారు. ఎవరూ వాడరు, ఎవరూ అమ్మరు.

ఆ రోజు బస్సులో డ్రైవర్ అన్న పాటలో ఆ పనిముట్టు దగ్గరికి వచ్చేసరికి నాకు అటక కనబడింది. అంతకుముందు ఆ పాట పదిసార్లు విని ఉంటా, టీవీలో, సభల్లో లౌడ్‌స్పీకర్లలో. ఎప్పుడూ ఆ మాట చెవిన పడలేదు.

ఇంకో ఏడాదికి మా ప్రాజెక్ట్ క్లోజ్ చేశారు. కంపెనీ పేరు వద్దులెండి. నేను నాలుగేళ్లు పనిచేసిన టెస్టింగ్ టూల్ ఇక అక్కర్లేదు అన్నారు, వేరే స్కిల్ నేర్చుకో, లేదంటే చూసుకో అన్నారు. బెంచ్ మీద కూర్చున్న ఆ రెండు నెలలు మా తాత చాలా గుర్తొచ్చాడు. నాతో ఆయన ఎప్పుడూ కంప్లైంట్ చేయలేదు. ఒక్కసారి మాత్రం, చేతికి వచ్చిన పని చేతిలోనే ఉండిపోయింది రా అన్నాడు. అప్పుడు నాకు అర్థం కాలేదు.

సరే, ఇక్కడ మీలో కొందరు ఒక క్వశ్చన్ అడుగుతారు, అడగాలి కూడా. పల్లె అంత గొప్పదా? ఆ కుమ్మరి కుమ్మరిగా ఎందుకుండాలి? అంబేద్కర్ 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో ఊరి గురించి ఏం మాట్లాడారో చదవండి. ఊరంటే ఆయనకి ప్రేమ లేదు, అజ్ఞానం, కులం పేరుకుపోయిన చోటు అన్నట్టే మాట్లాడారు. మరి దళిత కుటుంబంలో పుట్టిన వెంకన్న, కులవృత్తులు పోయాయని ఏడవడం ఏంటి?

నేను దీని మీద చాలా రోజులు ఆలోచించా. రెండు మాటలు చెప్తా. ఒకటి, ఆయన ఊరి కులం గురించి కళ్లు మూసుకోలేదు. దళిత బతుకుల మీద కూడా ఆయన పాటలు రాశారు. అవి వినకుండా 'పల్లె కన్నీరు' ఒక్కటే విని ఆయన పాతకాలాన్ని పొగుడుతున్నాడు అంటే అన్యాయం. రెండు, 'పల్లె కన్నీరు'లో పోయినదానికి ఏడుపు ఉంది కానీ, అది తిరిగి రావాలి అని డిమాండ్ లేదు. పని పోయిన మనిషికి ఇంకో పని ఎవరూ చూపించలేదు, అది బాధ. కొలిమి ఆరిపోయిన మనిషి కంప్యూటర్ ముందు కూర్చోలేదు కదా, లారీ ఎక్కాడు. అయినా ఒప్పుకుంటా, ఆ పాట విని ఏసీ రూములో కూర్చుని 'అబ్బ, పల్లె ఎంత బాగుండేదో' అని స్టేటస్ పెట్టుకునేవాళ్లు ఉన్నారు. నేనూ పెట్టా ఒకసారి. మా అమ్మ చూసి, "నీళ్లు మోసింది నువ్వా నేనా" అని రిప్లై ఇచ్చింది. డిలీట్ చేశా.

తర్వాత కెరీర్ ఫాస్ట్‌గా చెప్పేస్తా. తెలంగాణ ఉద్యమంలో ఆయన పాటలు సభసభకీ తిరిగాయి. ధూంధాం టైంలో పుట్టి పెరిగిన మాకు అదంతా లౌడ్‌స్పీకర్ జ్ఞాపకం. 2014లో రాష్ట్రం వచ్చింది. 2016లో కాళోజీ పురస్కారం. 2020 నవంబర్‌లో గవర్నర్ కోటాలో ఎమ్మెల్సీ అయ్యారు. 2021కి గాను కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు, 'వల్లంకి తాళం' పుస్తకానికి. అంతకుముందు 'ఏకునాదం మోత', 'రేల పూతలు', 'అల చంద్రవంక' వచ్చాయి. అకాడమీ అవార్డు విషయం నాకు చాలా పెద్దది అనిపిస్తుంది. గజ్జె కట్టి ఆడుతూ పాడే పాటని 'జానపదం' అని ఒక మూలకి నెట్టేస్తారు మనవాళ్లు, అక్కడ హిల్‌బిల్లీ అన్నట్టు. దాన్ని కవిత్వం అని దేశంలో పెద్ద సాహిత్య సంస్థ ఒప్పుకుంది.

ఎమ్మెల్సీ అయినప్పుడు విమర్శలు వచ్చాయి, పాటగాడు పవర్ పక్కన కూర్చుంటే పాట ఏమవుతుంది అని. నాకూ కొంచెం అట్లానే అనిపించింది, దాచను. కానీ ఒక పాట పుట్టి పాతికేళ్లు నడిచాక, అది ఆయన చేతిలో కూడా ఉండదు కదా. దానికి ఆయన పదవితో పని లేదు.

ఒక చిన్న రిక్వెస్ట్. యూట్యూబ్‌లో ఈ పాటలు చాలా చోట్ల 'ఫోక్ సాంగ్' అని మాత్రమే ఉంటాయి. రాసినాయన పేరుండదు. అమెరికాలో కార్టర్ ఫ్యామిలీకి పాటలు సేకరించడంలో లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్ట్ తోడు తిరిగేవాడు. ఏ.పి. కార్టర్ మాటలు రాసుకుంటే, ఈయన ట్యూన్ బుర్రలో పెట్టుకునేవాడు. కార్టర్ ఫ్యామిలీ పేరు ప్రపంచానికి తెలిసింది, రిడిల్ పేరు చాలాకాలం ఎవరికీ తెలియలేదు. మీరు రీల్ పెడితే కింద పేరు రాయండి. రెండు సెకన్ల పని.

ఇప్పుడు ఆ బస్సు సంగతి. లింగంపల్లిలో అందరూ దిగాక నేను ముందుకి వెళ్లి డ్రైవర్ అన్నని అడిగా, "అన్నా, ఈ పాట ఎవరు రాశారో తెలుసా?"

ఆయన నవ్విండు. "రాసుడేంది సార్, అది ఊరి పాట. మా నాయిన గూడ పాడుతుండె."

"కాదన్నా, రాసినాయన ఉన్నాడు. మీ దిక్కే. తెలకపల్లి దగ్గర గౌరారం."

"గౌరారమా?" ఒక్క నిమిషం ఆగాడు. ఇంజిన్ ఆఫ్ చేశాడు. "మా అక్కనిచ్చింది ఆ దిక్కే. ఏదీ, ఫోన్ల ఉంటడా? సూపియ్యి."

చూపించా. స్టేజీ మీద ఆయన గజ్జెలతో తిరుగుతూ పాడుతున్న వీడియో. డ్రైవర్ అన్న రెండు చేతులతో ఫోన్ పట్టుకుని మొత్తం చూశాడు. వెనక బస్సువాడు హారన్ కొడుతున్నాడు, ఈయన కదల్లేదు. అయ్యాక ఫోన్ తిరిగిచ్చి, "నేను రెండో చరణం తప్పు వాడిన సార్" అన్నాడు.